తునికిబండ ఊట, మూడు తాళంచెవులు

పులి నాకు ఎదురుంగ వచ్చింది. నేను రెండు చేతులు జోడించి, మండల పరిషత్ నుంచి వచ్చిన అని చెప్పిన. అది ఒక్క నిమిషం ఆలోచించి, తొవ్వ ఇడిచి పక్కకు జరిగింది.

ఈ ముచ్చట నా రిటైర్మెంటు సభల చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిండ్రు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్న గనుక నిజం చెప్పాలె. ఎదురుంగ వచ్చింది పులి కాదు, పులి అడుగు. అది గూడ నేను చూడలే. జీపు డ్రైవరు చూసి చెప్తే, నేను జీపు దిగకుండనే చూసినట్టు తల ఊపిన.

నేను పంచాయతీల విస్తరణాధికారిగా పనిచేసి దిగిపోయినోన్ని. పుట్టింది నల్గొండ దిక్కు. సగం నౌకరి దేవరకొండ చుట్టుపక్కల తండాల్ల, పల్లెల్ల గడిచింది. తెలంగాణ వచ్చినంక నన్ను నల్లమల గట్టు మీదికి తోలిండ్రు. పోయినప్పుడు అది మహబూబ్‌నగర్ జిల్లా. కొన్నాళ్లకు నాగర్‌కర్నూల్ జిల్లా అయింది. కుర్చీల నుంచి లేవకుండనే జిల్లా మారిన మొనగాన్ని నేను.

ఇది కొత్తగా పంచాయతీ కార్యదర్శులుగా చేరుతున్న పిల్లల కోసం రాస్తున్న. ప్రమోషన్లు ఎట్లొస్తయి, ఫైలు ఎట్ల నడుస్తది అన్నవి మీ సీనియర్లు చాయ తాగుకుంట చెప్తరు. నేను ఒక్క ఊట సంగతే చెప్త. నా ముప్ఫై ఏండ్ల నౌకరిల నేర్చుకున్నదంత దాని చుట్టే ఉన్నది. అంత అంటే మరీ అంత కాదు, సగం. మిగిలిన సగం నేర్చుకోలే.

గట్టు కింద, గట్టు మీద

గట్టు కింద ఒక పల్లె. గట్టుకిందిపల్లె అనే రాస్త. గట్టు మీద, అడవి లోపల, చెంచుల పెంట. పెంట అంటే వాళ్లు కలిసి ఉండే చిన్న గూడెం. పద్దెనిమిది గుడిసెలు. తునికిబండ పెంట అనేటోళ్లు. రెండింటి నడుమ గంట నడక. నా కాళ్లకు రెండు గంటలు.

పెంట పక్కన బండ సందుల నుంచి ఊట వస్తది. ఏ ఎండకాలమూ ఎండలేదని దానికి పేరు. పల్లెల బోర్లు మాత్రం ఉగాది దాటితే దగ్గుడు మొదలుపెడుతయి. ఇంటింటి నల్లా నీళ్లు అప్పటికి ఆ దిక్కు ఇంకా రాలే. అందుకే పల్లె సర్పంచ్ యాదమ్మ ఒక దరఖాస్తు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. ఊట నుంచి పైపు వేస్తే నీళ్లు వాటంతటవే దిగుతయి, మోటరు వద్దు, కరెంటు వద్దు అన్నది.

యాదమ్మ గురించి ఒక మాట. వాళ్ల అమ్మానాయినలు మంది భూముల్ల కూలికి పోయినోళ్లు. ఈమె రిజర్వేషన్ సీటుల గెలిచింది. గెలిచిన కొత్తల మొగడు కూడా వస్తే నేను ఆయనకు కుర్చీ వేసి, ఆయనతోనే మాట్లాడిన. మరుసటి రోజు ఆమె ఒక్కతే వచ్చింది. "నిన్న కుర్చీల కూసున్నాయన ఆటో తోలవోయిండు సారూ. ఇగ నాతోటి మాట్లాడుండ్రి" అన్నది. అప్పటి నుంచి ఆమె వస్తే నేనే లేచి కుర్చీ వేసేటోన్ని. మర్యాదతోటి అని చెప్పుకుంట. భయంతోటి.

పైపు మాట మంచిదే. అయితే పైపు నీళ్లన్నీ గుంజితే పెంటకు మిగలవు. నీళ్లు లేకుంటే పెంట లేచిపోవాలె. తాతల కాలం నుంచి ఉన్న జాగా ఇడిచి, ఇంకో నీళ్ల జాగా వెతుక్కుంట పోవాలె. అడవిల అట్ల లేచిపోయిన పెంటలు మళ్ల పెంటలుగ నిలబడుడు నేను చూడలే. అందుకని, పెంట ఒప్పుకుంటేనే పైపు అన్నరు పైవాళ్లు. ఆ ఒప్పుకోలు తెచ్చే పని నాకు పడ్డది.

నేను చేసిన ఏకగ్రీవం

తీర్మానాల పుస్తకం, ఇంకు ప్యాడు సంచిల పెట్టుకుని పోయిన. పెంట పెద్ద పేరు బయ్యన్న. సన్నటి మనిషి, భుజాన గొడ్డలి. మొదటి మాటకే నన్ను నువ్వు అన్నడు. నౌకరిల చేరినంక నన్ను నువ్వు అన్నది మా అవ్వ ఒక్కతే. లోపల జర మండింది. తర్వాత తెలిసింది, ఆయన కలెక్టరును గూడ నువ్వే అంటడు, ఎలుగుబంటిని గూడ నువ్వే అంటడు. రెండింటి మీద ఆయనకు ఒకటే గౌరవం.

నేను వాళ్లను అడిగిన దానికంటె వాళ్లు నన్ను అడిగిందే ఎక్కువ. మీ ఆఫీసుల ఎంతమంది ఉంటరు? పొద్దంత ఏం చేస్తరు? రాస్తమని చెప్పిన. రాసింది ఎవలు చూస్తరు? ఇంకా పెద్ద ఆఫీసోళ్లు. వాళ్లు ఏం చేస్తరు? వాళ్లు గూడ రాస్తరు. ఒక ముసలామె, మరి తినే గడ్డలు తవ్వేటందుకు ఎవలు పోతరు అని అడిగింది. ఆమె ఎక్కిరించలే, నిజంగ తెలుసుకోవాలనే అడిగింది.

పైపు సంగతి గంటసేపు చెప్పిన. నేల మీద పుల్లతోటి గీసి చూపించిన. అయినంక, సరేనా అని అడిగిన. ఎవరూ మాట్లాడలే. మళ్ల అడిగిన. బయ్యన్న గట్టు దిక్కు చూస్తున్నడు. మూడోసారి అడిగి, ఇంకు ప్యాడు ముందల పెట్టిన. ఒకరి తర్వాత ఒకరు వచ్చి వేలు పెట్టిండ్రు. నేను పుస్తకంల రాసిన: సభ్యులందరు ఏకగ్రీవంగా ఆమోదించిండ్రు.

ఆ సాయంత్రం ఆఫీసుల నేను వీరున్ని. అడవిల పదిహేను మైళ్లు నడిచి, తేనె తప్ప ఏం తినకుండ, ఒక్క రోజుల ఒప్పించుకొచ్చిన అని చెప్పిన. నడిచింది రెండు మైళ్లు ఉంటది. తిన్నది డ్రైవరు ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టె.

నేను చేసిన తప్పు ఇది. మా మైదానం పల్లెల్ల గ్రామసభ పెడితే వద్దన్నోడు లొల్లి చేస్తడు, బెంచీలు ఎత్తేస్తడు. లొల్లి లేదంటే ఒప్పుకున్నట్టే. ఆ లెక్కనే గట్టు ఎక్కించిన. తునికిబండల వద్దనుకున్నోడు మాట్లాడడు. పెంటకొచ్చినోన్ని మొగం మీద వద్దనుడు వాళ్లకు చేతగాదు. నేను మూడుసార్లు అడిగితే వాళ్లు మూడుసార్లు వద్దన్నరు. నాకు ఇనబడలే.

ఖాళీ గుడిసెలు

పైపు పడ్డది. అడవి పర్మిషన్ల పురాణం ఇడిచిపెడుత. నీళ్లు దిగిన రోజు పల్లెల కొబ్బరికాయ కొట్టిండ్రు, యాదమ్మ నాకు శాలువ కప్పింది. రెండు నెలలు నడిచింది. ఆ తర్వాత ధార సన్నబడి, ఒక పొద్దుగాల ఆగిపోయింది.

పైకి పోయి చూస్తే పెంటల మనిషి లేడు. గుడిసెల తలుపులకు ముళ్లకంప అడ్డం కట్టి ఉన్నది. ఊట నోట్ల ఆకులు, ఇసుక, చచ్చిన కప్ప. నాతోటి వచ్చిన లైన్‌మన్ చేతులతోటి తీస్తుంటే, అప్పుడు నాకు ఎరుకైంది. ఈ ఊటకు నోరు తీసేటోళ్లు ఉండిరి. అమాస అమాసకు పెంటోళ్లు దిగి ఇసుక ఎత్తిపోస్తరట, వేర్లు కోస్తరట. ఎన్నడూ ఎండని ఊట అని మేమందరం అన్నం. ఎందుకు ఎండలేదని ఒక్కరం అడగలే.

వాళ్లు రెండు గట్లు దాటి ఒక వాగు పక్కన దిగిండ్రు. అక్కడికి పోయి నేను బయ్యన్న చేతులు పట్టుకుని తప్పయిందన్న. ఇట్లనే చెప్తుంటి అందరికి. నిజానికి ముందుగాల పోట్లాడిన. పుస్తకం తీసి వేలిముద్రలు చూపించి, గివి ఎవరియి అని అడిగిన.

"మాయే. ఇంటికొచ్చి ఒకటి అడిగితివి. ఇయ్యకపోతే ఎట్ల" అన్నడు.

"మరి ఒప్పుకుని ఎందుకు లేచొచ్చిండ్రు?"

"నువ్వు ఊట అడిగినవు, ఇచ్చినం. ఇచ్చినంక అక్కడ మాకేం పని?"

ఆయన చేతుల నారతాడు ఉన్నది. మాట్లాడుకుంటనే పేనుతున్నడు. నాకు కోపం ఉన్నా, కొత్తది చూస్తే అడగకుండ ఉండలేను, అదొక రోగం. ఎందుకీ తాడు అన్న. తేనె తీసేటందుకట. బండ అంచుకు కట్టి, దాన్ని పట్టుకుని లోయలకు దిగుతరు. పైన తాడు పట్టుకునేటోడు ఇంకొకడు ఉంటడు. నీ తాడు ఎవరు పడుతరని అడిగిన. బామ్మర్ది అన్నడు. తమ్ముడు పక్కనే కూసున్నడు, మద్దిమొద్దు లెక్క బలంగ ఉన్నడు. ఆయన ఎందుకు పట్టడని అడిగిన.

బయ్యన్న తమ్ముని దిక్కు చూసి నవ్విండు. "వీడు మంచోడే. గని వీని చెయ్యి జారితే నేనొక్కన్నే పోత. బామ్మర్ది చెయ్యి జారితే వాని అక్క మొగడు పోతడు, అక్క బతుకు పోతది. తాడు ఎప్పటికి నష్టమయ్యేటోని చేతుల ఉండాలె." కొంచెంసేపు పేని, అడిగిండు. "మీ పైపుకు తాడు ఎవలు పట్టిండ్రు?"

నేను పుస్తకం సంచిల పెట్టుకున్న.

మంచి బాసు ఏం అడుగుతది

బాసులు రెండు రకాలు. పనయిందా అని అడిగేటోళ్లు ఒక రకం, వాళ్లే చానామంది. రెండో రకం అరుదు. అప్పటి మా ఎంపీడీఓ మేడం రెండో రకం. వయసుల నాకంటె పదిహేనేండ్లు చిన్నది. నా తీర్మానం చదివి, ఇందుల ఎవరు ఏం మాట్లాడిందీ లేదు, పద్దెనిమిది ఇండ్లోళ్లు మూగోళ్లా సారూ అన్నది. నేను అడిగిన్నాడు వాళ్లు చేతులతోటి ఏం చేస్తుండిరి అని అడిగింది. నాకు గుర్తు లేదు. నేను ప్యాడు చూసుకుంటున్న గద.

ఈసారి పుస్తకం తీసుకపోవద్దని పంపింది. యాదమ్మను వెంట తీసుకపొమ్మన్నది. మేమిద్దరం వాగు పక్కన కూసున్నం. మొదటి రోజు ఎండల సంగతి, అడవిపందుల సంగతి తప్ప ఇంకో మాట రాలే. రెండోసారి పోయినప్పుడు యాదమ్మ ఆడోళ్లతోటి కలిసి ఇప్పపూలు ఆరబోసింది. మూడోసారి బయ్యన్ననే ఊట మాట ఎత్తిండు.

చివరికి కుదిరింది ఇది. ఊట పక్క బండ మీద ఒక గీత కొడుతరు. నీళ్లు గీత మీద ఉన్నన్ని రోజులు పల్లెకు పోతయి. గీత కిందికి దిగితే బందు. పైపుకు వాల్వు, వాల్వు మీద ఇనుప డబ్బా, డబ్బాకు తాళం. తాళంచెవి పెంటల ఉంటది, ఎందుకంటె ఊట ఎండితే ముందుగాల నష్టమయ్యేది వాళ్లే. ప్రతి అమాసకు పల్లె నుంచి ఇద్దరు పైకొచ్చి, పెంటోళ్లతోటి కలిసి ఊట నోరు తీయాలె, గీత కండ్లతోటి చూసి పోవాలె.

పల్లెల లొల్లి అయింది. మన నీళ్లకు వాళ్ల తాళమేందని ఒకాయన లేచిండు. "నీళ్లు మనయి ఎప్పుడైనయే పెద్దనాయినా?" అన్నది యాదమ్మ. ఆయన కూసున్నడు. వారం తిరగకముందే పెంట వెనకకు వచ్చింది, గుడిసెలకు కట్టిన ముళ్లకంపలు తీసిండ్రు.

ఈ ఒప్పందం నా తెలివి అని జిల్లా మీటింగుల చెప్పుకున్న. దాంట్ల నాది తాళం కొన్న మేరకే.

తాళం కొన్నోని బుద్ధి

ఆ తాళానికి మూడు చెవులు వచ్చినయి. ఒకటి అందరి ముందల బయ్యన్న చేతుల పెట్టిన, ఫొటో గూడ దిగినం. రెండోది నా సంచిల వేసుకున్న. మూడోది తొవ్వల యాదమ్మకు ఇచ్చి, ఎవరికీ చెప్పకు, అవసరం పడొచ్చు అన్న. ఆమె తీసుకుని కొంగుకు ముడి వేసుకున్నది.

ఎందుకు చేసిన? ఆఫీసుల ఏ బీరువాకైనా రెండో చెవి మా దగ్గర ఉంటదన్న అలవాటు అని చెప్పొచ్చు. అది సగమే. వాళ్లు మాట మీద నిలబడుతరని నేను నమ్మలే. మూడుసార్లు పోయి కూసున్న, అంబలి తాగిన, తాడు మాట మీటింగుల్ల పదిమందికి చెప్పి చప్పట్లు కొట్టించుకున్న. అయినా నమ్మలే.

గీత కిందికి దిగిన ఎండకాలం

రెండేండ్లు మంచిగ నడిచింది. మూడో ఏడు వానలు ముఖం చాటేసినయి. మిరుగు కార్తె దాటినా చినుకు లేదు. ఒక రోజు బయ్యన్న తమ్ముడు పల్లెకు దిగి, నీళ్లు గీత కిందికి పోయినయని చెప్పిండు. ఆ పొద్దే వాల్వు బందయింది.

పల్లెకు రెండు రోజులకొక ట్యాంకరు. కడవల వరుస, ఆడోళ్ల కొట్లాట. పిల్లగాండ్లు కొందరు పోయి డబ్బా పగలగొడుతమని తిరిగిండ్రు. మా మేడం అప్పటికి బదిలీ అయి పోయింది. కొత్తగా వచ్చిన సారు మొదటి రకం. పంచాయతీ ఆస్తి తాళం పెంటోళ్ల చేతుల ఎట్లున్నది, పొద్దుమూకే లోపల తెరిపించుండ్రి అని ఫోను చేసిండు.

ఆ రోజు నేను నా దగ్గరి తాళంచెవిని బయ్యన్నకు అప్పజెప్పేటందుకు పోయిన అని చానాచోట్ల చెప్పిన. అబద్ధం. తీసేటందుకే పోయిన. పెంటోళ్లు అడవిల ఉండే ఏళ చూసుకుని, మిట్టమధ్యాహ్నం పోయిన. డ్రైవరును గూడ కిందనే ఉంచిన.

డబ్బా తాళం తీసిన. తుప్పు పట్టి ఉన్నది, రెండు చేతులు పెట్టి తిప్పాల్సి వచ్చింది. వాల్వు మీద చెయ్యి వేసి, ఊట దిక్కు చూసిన. గీతకు జానెడు కింద, దోసెడు నీళ్లు. అంచు చుట్టూ బురదల దుప్పి డెక్కలు, ముళ్లపంది గీరలు. మనిషి అడుగు ఒక్కటి లేదు. కడవ పెట్టిన మచ్చ లేదు. పద్దెనిమిది ఇండ్లోళ్లు తాగే నీళ్ల కాడ మనిషి అడుగు లేకుండ ఎట్లుంటదని నాకు అర్థం కాలే. చెయ్యి వాల్వు మీదనే ఉన్నది.

"కూసో" అని వెనక నుంచి ఇనబడ్డది.

బయ్యన్న. ఎప్పటి నుంచి ఉన్నడో. నేను బండ మీద కూసున్న. ముందుగాల నోటికి వచ్చింది అడిగిన. మీరు నీళ్లు ఎక్కడ తెచ్చుకుంటున్నరు?

"లోయల ఇసుక తవ్వి చెలిమె తోడినం. పొద్దు పొడవకముందు పోతే ఎండ ఎక్కినంక వస్తరు మా ఆడోళ్లు."

"ఊట ఇంటి ముందల పెట్టుకుని?"

"గీత కిందికి పోయింది గద. పల్లెకు బందు పెట్టి మేము తాగుతమా?"

నా చేతుల చెవి దాచేటందుకు జాగా లేదు. ఆయన దాని దిక్కు చూసిండు. కోపం లేదు, గెలిచినట్టు లేదు. తాడు పేనేటప్పుడు ఎట్లున్నదో మొగం అట్లనే ఉన్నది.

"కొత్త తాళానికి మూడు చెవులు వస్తయి. మన్ననూరు అంగడిల నేను గూడ కొన్న. ఒకటి నాకిచ్చినవు. ఇంకోటి యాదమ్మ దగ్గరుంది."

"నీకెట్ల తెలుసు?"

"ఆమెనే చూపెట్టింది, మొదటి అమాసకు ఊట తీయ వచ్చిన్నాడే. మామా, సారు గిది నాకిచ్చిండు, నీకు చెప్పకుండ నేను పైకి రాను అన్నది." నా చేతుల దాన్ని గడ్డంతోటి చూపించిండు. "గీ ఒక్కటే ఏడున్నదో తెలువకుండె."

నేను డబ్బాకు తాళం వేసి, చెవి ఆయన ముందల పెట్టిన. ఆయన తీసుకోలే.

"నీ దగ్గరనే ఉంచుకో. ఇప్పుడు ఎరుకైంది గద" అన్నడు.

తర్వాత

తర్వాతి సంగతులు పొట్టిగ చెప్త. తాళం తీయలేదని కొత్త సారుకు ఫోను చేసిన. తీసి మళ్ల వేసిన అని మాత్రం చెప్పలే. సంజాయిషీ రాసియ్యమని నాకు కాగితం వచ్చింది, రాసిచ్చిన. రెండు వారాలు పోయినంక పెద్ద వాన పడ్డది. నీళ్లు గీత దాటినంక బయ్యన్న వాల్వు తిప్పిండు. ఇంటింటి నల్లా ఇప్పుడు పల్లెకు వచ్చింది, అయినా ఊట పైపు తీసేయలే. పెంట అక్కడనే ఉన్నది.

నేను తాళం తీయ పోయిన ఆ రోజు గట్టు దిగేటాలకు పొద్దు వాలుతున్నది. పల్లె నడుమ ట్యాంకరు అప్పుడే పోయినట్టున్నది, నేల తడిగ ఉన్నది. యాదమ్మ అరుగు మీద కూసున్నది, పక్కన ఒకే ఒక కడవ. ఆ కడవ రెండు రోజులు రావాలె. ఆమె కొంగుకు ఏదో ముడి ఉన్నది, ఏందో నేను అడగలే.

"తీసిండ్రా సారూ?" అన్నది.

లేదన్న.

ఆమె నా చేతుల దిక్కు చూసింది. రెండు అరచేతులకు తుప్పు అంటి, ఎర్రగ ఉన్నయి. లేచి, కడవల చెంబు ముంచి తెచ్చి, పట్టుండ్రి సారూ అని, నా చేతుల మీద నీళ్లు పోసింది.